చిత్రకళా ప్రదర్శనకు వెళ్లడం: ఏం చూడాలి, ఏం అడగాలి

విషయక్రమం

1. పరిచయం
2. మ్యూజియం, ఆర్ట్ గ్యాలరీ: తేడాలు
3. హైదరాబాదులో ప్రదర్శనలు జరిగే చోట్లు
4. ప్రారంభోత్సవం రోజు
5. చిత్రం పక్కన ఉండే చీటీ
6. ధర, ఎర్ర చుక్క
7. గోడమీద ఉన్నది ఎవరి బతుకు?
8. చిత్రాన్ని చూసే పద్ధతి
9. నగరానికి దూరంగా ఉన్నవారికి
10. సారాంశం
11. పారిభాషిక పదాలు
12. నమూనా పరీక్ష ప్రశ్నలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని అధ్యయనం చేసిన తరవాత మీరు:

• మ్యూజియానికీ ఆర్ట్ గ్యాలరీకీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ప్రదర్శనలో చిత్రం పక్కన ఉండే వివరాల చీటీని చదివి అర్థం చేసుకోగలుగుతారు.
• గ్యాలరీ ఎలా నడుస్తుందో, చిత్రాల అమ్మకం ఎలా జరుగుతుందో చెప్పగలుగుతారు.
• ఒక చిత్రాన్ని క్రమపద్ధతిలో పరిశీలించి, మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయగలుగుతారు.

1. పరిచయం

ఇంతకుముందు పాఠ్యభాగాల్లో మీరు తెలుగు ప్రాంతాల చిత్రకళ చరిత్రను చదివారు. చిత్రకారుల పేర్లు, శైలుల పేర్లు తెలుసుకున్నారు. అయితే ఒక ఇబ్బంది ఉంది. మీ చేతిలో ఉన్న ఈ పుస్తకం నలుపు తెలుపుల్లో అచ్చవుతుంది. అయిదడుగుల కాన్వాసు ఇందులో మూడంగుళాల బొమ్మగా కుదించుకుపోతుంది. కుంకుమ ఎరుపు, ఇటుక ఎరుపు రెండూ ఒకే బూడిదరంగులో కనిపిస్తాయి. రంగు ఎంత మందంగా వేశారో, కుంచె ఎటు కదిలిందో అసలే తెలియదు. రుచి చూడకుండా వంట గురించి పరీక్ష రాసినట్టు ఉంటుంది ఈ చదువు. అందుకే అసలు చిత్రం ఉన్న చోటికి వెళ్లి చూడడం ఈ కోర్సులో ఒక పాఠం.

కాంటాక్ట్ తరగతుల్లో నేను ఏటా ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: "మీలో ఎంతమంది ఆర్ట్ గ్యాలరీ లోపలికి వెళ్లారు?" ఒకటో రెండో చేతులు లేచేవి. హైదరాబాదులోనే పుట్టి పెరిగినవారు కూడా చేతులు దించుకుని కూర్చునేవారు. ఎందుకు వెళ్లలేదని అడిగితే నాలుగు రకాల జవాబులు వచ్చేవి. "లోపలికి రానిస్తారా సార్?" అని కొందరు. "వెళ్తే ఏదో ఒకటి కొనాలేమో" అని కొందరు. "వెళ్లినా మనకేం అర్థమవుతుంది" అని ఇంకొందరు. చివరిది, "అది మనలాంటి వాళ్లకు కాదు కదా" అన్నది.

ఈ నాలుగు సందేహాలకూ జవాబు చెప్పడమే ఈ పాఠ్యభాగం ఉద్దేశం. మొదటి రెండూ సమాచారం లేకపోవడం వల్ల వచ్చినవి. తెలిస్తే పోతాయి. తక్కిన రెండూ అంత సులభంగా పోవు. వాటిని 7, 8 విభాగాల్లో చర్చిద్దాం.

2. మ్యూజియం, ఆర్ట్ గ్యాలరీ: తేడాలు

వాడుకలో ఈ రెండు మాటలనూ కలిపేస్తుంటారు. పనితీరులో మాత్రం ఇవి వేరువేరు.

మ్యూజియం సేకరించి భద్రపరిచే చోటు. అక్కడి వస్తువులు అమ్మకానికి ఉండవు. ఉదాహరణకు సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరణ దీనికి ఆధారం. ఆయన మరణానంతరం, 1951 డిసెంబరు 16న, దివాన్ దేవిడీలో నెహ్రూ దీన్ని ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి మార్చారు. ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని ఇటలీ శిల్పి బెంజోని చెక్కాడు. మీ తాతగారు చూసినదీ, మీరు చూడబోయేదీ ఆ ఒక్క శిల్పాన్నే. మ్యూజియానికి టికెట్ ఉంటుంది. శుక్రవారం సెలవు.

ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శనలు మారుతూ ఉంటాయి. ఒక ప్రదర్శన వారం, పది రోజులు, ఒక్కోసారి నెల ఉంటుంది. తరవాత గోడలకు మళ్లీ సున్నం వేసి, వేరొకరి చిత్రాలు తగిలిస్తారు. ఇక్కడ ఎక్కువగా చూసేది ఇప్పుడు జీవించి ఉన్న చిత్రకారుల పనిని. చిత్రాలు చాలావరకు అమ్మకానికి ఉంటాయి. ప్రవేశానికి సాధారణంగా రుసుము ఉండదు.

గ్యాలరీలు మళ్లీ రెండు రకాలు. కొన్ని హాలును అద్దెకిస్తాయి. చిత్రకారుడు అద్దె కట్టి, తన ఖర్చుతో ప్రదర్శన పెట్టుకుంటాడు. ముంబైలో 1952లో ఏర్పడిన జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ ఇలా వారాల లెక్కన హాళ్లు ఇచ్చే పద్ధతికి పేరు పొందింది. రెండో రకం ప్రైవేటు గ్యాలరీలు. వీటి నిర్వాహకులే చిత్రకారుణ్ణి ఎంపిక చేసి, ప్రదర్శన ఏర్పాటు చేసి, అమ్మిన దానిలో వాటా తీసుకుంటారు. మీరు చూస్తున్న గ్యాలరీ ఏ రకందో తెలిస్తే, ఆ గోడమీదికి ఏ చిత్రం రావాలో నిర్ణయించింది ఎవరో తెలుస్తుంది.

3. హైదరాబాదులో ప్రదర్శనలు జరిగే చోట్లు

మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. ఇది ప్రభుత్వ గ్యాలరీ. పాతతరం వారు దీన్ని చిత్రమయి అన్న పేరుతో గుర్తుపడతారు. ఒకటికంటే ఎక్కువ హాళ్లు ఉన్నందువల్ల ఒకే రోజు రెండు మూడు ప్రదర్శనలు చూసే వీలుంటుంది. 2015లో మొదలైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ ఛాయాచిత్ర ప్రదర్శనలు కూడా ఇక్కడ జరుగుతుంటాయి. మెట్రోలో మాదాపూర్ స్టేషన్ దాకా వెళ్లి, అక్కడినుంచి ఆటోలో చేరుకోవచ్చు.

రవీంద్రభారతి ప్రాంగణంలో ఒక ఆర్ట్ గ్యాలరీ ఉంది. నాటకానికో సభకో రవీంద్రభారతికి వెళ్లినవారు చాలామంది దాని పక్కనుంచే నడిచి పోతుంటారు. ఇక బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ప్రాంతాల్లో కళాకృతి, సృష్టి వంటి ప్రైవేటు గ్యాలరీలు ఉన్నాయి. బంజారాహిల్స్‌లోనే లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో నాటకాలు, చర్చలతోపాటు చిన్న ప్రదర్శనలు కూడా పెడతారు.

అభ్యాసకులుగా మీకు అన్నిటికంటే ఉపయోగపడేవి విద్యార్థుల ప్రదర్శనలు. మాసాబ్‌ట్యాంక్ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. గచ్చిబౌలిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన సరోజినీ నాయుడు కళా పాఠశాల ఉంది. ఇలాంటి చోట్ల చివరి సంవత్సరం విద్యార్థులు తమ పనిని ప్రదర్శనకు పెడతారు. చిత్రం గీసిన వ్యక్తి దాని పక్కనే నిలబడి ఉంటారు, మీ వయసువారే అయి ఉంటారు. "ఈ నీలం ఎందుకు వాడారు?" అని మొహమాటం లేకుండా అడగవచ్చు.

ప్రదర్శనల సమాచారం దినపత్రికల జిల్లా పేజీల్లో, "నగరంలో నేడు" వంటి శీర్షికల్లో వస్తుంది. చాలా గ్యాలరీలు మధ్యాహ్నానికి కాస్త ముందు తెరిచి, సాయంత్రం ఏడు ప్రాంతంలో మూస్తాయి. వారానికో సెలవు ఉంటుంది. దూరం నుంచి వచ్చేవారు ముందుగా ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. ప్రదర్శన మార్చే రోజుల్లో హాలు మూసి ఉంటుంది.

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాం. లోపలికి రానిస్తారా? రానిస్తారు. గేటు దగ్గర కాపలా మనిషి ఉంటే "ఎగ్జిబిషన్ చూడడానికి వచ్చాను" అంటే చాలు. కొన్నిచోట్ల రిజిస్టరులో పేరు, ఊరు రాయమంటారు. లోపల ఎవరూ మీ చదువెంతో, ఉద్యోగమేమిటో అడగరు. ఇంగ్లీషులో మాట్లాడాలన్న నియమం ఏదీ లేదు. ప్రదర్శన పెట్టినవారు తెలుగువారైతే తెలుగులో అడిగిన ప్రశ్నకు సంతోషిస్తారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1

(అ) మ్యూజియానికీ గ్యాలరీకీ ఉన్న రెండు ముఖ్యమైన తేడాలు ఏవి?
(ఆ) అద్దె గ్యాలరీలో, ప్రైవేటు గ్యాలరీలో చిత్రాలను ఎవరు ఎంపిక చేస్తారు?

4. ప్రారంభోత్సవం రోజు

ప్రదర్శన మొదటి రోజు సాయంత్రం ప్రారంభోత్సవం జరుగుతుంది. ముఖ్య అతిథి జ్యోతి వెలిగిస్తారు, నలుగురు మాట్లాడతారు, టీ, బిస్కెట్లు ఇస్తారు. ఆహ్వాన పత్రిక ముద్రించినా, ఎక్కువచోట్ల ఆ కార్యక్రమం అందరికీ తెరిచే ఉంటుంది. పిలుపు ఉన్నవారికే ప్రవేశం అయితే పత్రికలోనే ఆ మాట రాస్తారు.

ఆ రోజు వెళ్లడం వల్ల లాభం ఏమిటి? మనుషులు దొరుకుతారు. చిత్రకారుడు, సాటి చిత్రకారులు, గ్యాలరీ నిర్వాహకులు, పత్రికల్లో కళ గురించి రాసేవారు, కొనేవారు అందరూ ఒకేచోట ఉంటారు. ఒక కళాకారుడి గురించి సాటి కళాకారులు ఏమనుకుంటున్నారో పక్కన నిలబడి వినవచ్చు. ఉన్నవారిలో ప్రదర్శనకు చిత్రాలను ఎంపికచేసి, వాటిని ఒక వరసలో అమర్చిన వ్యక్తి కూడా ఉండవచ్చు. ఈ వ్యక్తిని క్యూరేటర్ అంటారు. పుస్తకానికి సంపాదకుడు ఎలాగో, ప్రదర్శనకు క్యూరేటర్ అలాగ. ఏ చిత్రం పక్కన ఏది ఉండాలన్నది వారి నిర్ణయం. "ఈ రెండింటినీ పక్కపక్కన ఎందుకు పెట్టారు?" అనే ప్రశ్న క్యూరేటర్‌ను అడగదగినది.

ఆ రోజు జరగనిది ఒకటుంది. చిత్రాలు చూడడం. హాలు నిండా మనుషులు, పలకరింపులు, ఫోటోలు. పెళ్లిలో పెళ్లికూతురి చీర అంచు చూడబోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కాబట్టి ప్రారంభోత్సవానికి మనుషుల కోసం వెళ్లండి. చిత్రాల కోసం మరొక రోజు, ఆదివారం కాని రోజు, మధ్యాహ్నం పూట మళ్లీ వెళ్లండి. హాల్లో మీరూ చిత్రాలూ మాత్రమే ఉంటారు. రెండుసార్లు వెళ్లే వీలు లేకపోతే ప్రారంభోత్సవాన్ని వదులుకుని, ఆ ఖాళీ మధ్యాహ్నాన్నే ఎంచుకోండి.

హాల్లో పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. చిత్రాన్ని తాకకూడదు. వేళ్లకుండే జిడ్డు, చెమట కాలక్రమంలో రంగును పాడుచేస్తాయి. భుజాన వేలాడే సంచిని ముందుకు తిప్పుకోండి. వెనక్కి తిరిగినప్పుడు అది చిత్రానికి తగిలే ప్రమాదం ఉంది. ఫోటో తీయాలంటే అడిగి, ఫ్లాష్ లేకుండా తీయండి. వెళ్లేముందు సందర్శకుల పుస్తకంలో "చాలా బాగుంది" అని రాయడానికి బదులు, ఏ చిత్రం ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం రాయండి. చిత్రకారులు ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్లి చదువుకుంటారు.

5. చిత్రం పక్కన ఉండే చీటీ

ప్రతి చిత్రం పక్కన ఒక చిన్న చీటీ ఉంటుంది. దానిలో చిత్రకారుడి పేరు, చిత్రం పేరు, వేసిన సంవత్సరం, మాధ్యమం, కొలతలు ఉంటాయి. ఉదాహరణకు ఇలా ఉందనుకుందాం: "శీర్షిక లేదు, 2019, కాన్వాసుపై ఆక్రిలిక్, 36 × 48 అంగుళాలు."

"శీర్షిక లేదు" అంటే పేరు పెట్టడం మరచిపోయారని కాదు. మీ చూపును ఒక మాటతో కట్టేయడం ఇష్టం లేక చిత్రకారుడు కావాలనే అలా వదిలాడు. కొలతల్లో సాధారణంగా ఎత్తు ముందు, వెడల్పు తరవాత రాస్తారు. అంటే ఇది అడ్డంగా ఉండే చిత్రం. ఫోన్లో మీరు చూసిన బొమ్మకు ఈ కొలతలు తెలిస్తే, అసలు చిత్రం ఎంతుంటుందో గోడమీద చేతులు చాపి ఊహించుకోవచ్చు.

మాధ్యమం అంటే దేనితో, దేనిమీద వేశారన్నది. తైలవర్ణాలు నెమ్మదిగా ఆరుతాయి కాబట్టి రంగులను ఒకదానిలో ఒకటి మెత్తగా కలపవచ్చు. ఆక్రిలిక్ త్వరగా ఆరుతుంది, అందువల్ల రంగుల అంచులు తేటగా ఉండేలా వేయడం సులభం. నీటిరంగుల్లో కాగితం తెలుపే వెలుగుగా పనిచేస్తుంది. తప్పు దిద్దుకోవడం కష్టం. రంగు పొడిని గుడ్డుసొన వంటి బంధకంతో కలిపి వేసేది టెంపెరా. రెండు మూడు పదార్థాలు కలిపి వాడితే మిశ్రమ మాధ్యమం అంటారు.

కొన్నిచోట్ల చిత్రం కింద పెన్సిలుతో "3/10" అని రాసి ఉంటుంది. ఇది అచ్చుచిత్రం. దీనికి ఉదాహరణ ఎచింగ్. రాగి లేదా జింకు పలకమీద మైనం వంటి పూత పూసి, సూదిమొనతో బొమ్మ గీస్తారు. గీసిన చోట పూత పోయి లోహం బయటపడుతుంది. పలకను ఆమ్లంలో ఉంచితే ఆ గీతల వెంబడి లోహం కరిగి గాళ్లు ఏర్పడతాయి. పూత తీసేసి, గాళ్లలోకి సిరా ఎక్కించి, పైన ఉన్న సిరాను తుడిచేస్తారు. తడి కాగితం పరిచి యంత్రంలో గట్టిగా ఒత్తితే గాళ్లలోని సిరా కాగితంమీదికి వస్తుంది. అలా తీసిన పది ప్రతుల్లో మీరు చూస్తున్నది మూడోదని "3/10" అర్థం. వీటిలో ప్రతిదీ అసలు చిత్రమే. క్యాలెండరు బొమ్మ లాంటి నకలు కాదు. ప్రతులు ఎక్కువ కాబట్టి ఒక్కొక్కదాని ధర అదే చిత్రకారుడి కాన్వాసు ధర కంటే సాధారణంగా తక్కువ ఉంటుంది.

6. ధర, ఎర్ర చుక్క

రెండో సందేహం: వెళ్తే కొనాలా? అక్కర్లేదు. బట్టల కొట్టులో పది చీరలు విప్పించి ఏమీ కొనకుండా లేస్తే కొట్టువాడి మొహం మారుతుంది. గ్యాలరీలో ఆ మొహమాటం లేదు. వచ్చినవారిలో కొనేవారు ఎప్పుడూ కొద్దిమందే. చూసేవారు రావడం, మాట్లాడుకోవడం, రాయడం వల్ల చిత్రకారుడికి పేరు వస్తుంది. ఆ పేరుమీదే గ్యాలరీ నిలబడుతుంది. అందుచేత మీ రాక వారికి కూడా అవసరమే.

ధరలు సాధారణంగా గోడమీద ఉండవు. బల్ల దగ్గర అడిగితే ధరల పట్టిక చూపిస్తారు. అడగడం తప్పు కాదు. అడిగినంత మాత్రాన కొంటానని మాట ఇచ్చినట్టూ కాదు. చీటీ పక్కన చిన్న ఎర్ర చుక్క అంటించి ఉంటే ఆ చిత్రం అమ్ముడుపోయిందని అర్థం. ప్రదర్శన ముగిసేవరకు దాన్ని గోడమీదే ఉంచి, ఆ తరవాత కొన్నవారికి అప్పగిస్తారు.

ఒక చిత్రం లక్ష రూపాయలకు అమ్ముడైతే లక్షా చిత్రకారుడికి చేరదు. ప్రైవేటు గ్యాలరీలు చాలాచోట్ల మూడోవంతు నుంచి సగం వరకు కమిషన్ తీసుకుంటాయి. హాలు, కరెంటు, ప్రచారం, కేటలాగు ఖర్చులు వారు భరిస్తారు. మిగిలిన సొమ్ములోంచి కాన్వాసు, రంగులు, చట్రం, రవాణా ఖర్చులు పోగా చిత్రకారుడికి మిగిలేది అతని నెలల శ్రమకు కూలి.

ధర చిత్రకారుడి పేరును బట్టి, కొలతను బట్టి, మాధ్యమాన్ని బట్టి మారుతుంది. ధర ఎక్కువైతే చిత్రం గొప్పదని, తక్కువైతే కాదని అనుకోకండి. ధర బజారు చెప్పే తీర్పు. మీ తీర్పు మీరు విడిగా చెప్పుకోవాలి. అందుకే ముందు చిత్రాలు చూసి, తరవాతే ధరల పట్టిక అడగండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2

(అ) "3/10" అని రాసిన చిత్రాన్ని నకలు అనవచ్చా? కారణం చెప్పండి.
(ఆ) ఎర్ర చుక్కకు అర్థం ఏమిటి?

7. గోడమీద ఉన్నది ఎవరి బతుకు?

"అది మనలాంటి వాళ్లకు కాదు" అన్న మాటకు జవాబు వాదనతో చెప్పలేం. గోడలమీద ఏముందో చూస్తే జవాబు దొరుకుతుంది.

కె. లక్ష్మాగౌడ్ 1940లో అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. తోట వైకుంఠం 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఇద్దరూ హైదరాబాదులో లలితకళలు చదివి, తరవాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. పెద్ద నగరం చూశాక ఇద్దరూ తమ చిత్రాల్లో మళ్లీ పల్లెకే వచ్చారు. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో సన్నని గీతలతో పల్లె స్త్రీపురుషులు, మేకలు, చెట్టూ పుట్టా కనిపిస్తాయి. వైకుంఠం చిత్రాల్లో పెద్ద బొట్టు, నిండు రంగు చీర, ఒంటినిండా నగలతో తెలంగాణ స్త్రీ కాన్వాసు అంతా ఆక్రమించి ఉంటుంది. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి' సినిమాకు కళాదర్శకత్వం వహించి జాతీయ అవార్డు పొందినవారు కూడా ఈయనే.

సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) బోనాలు, బతుకమ్మ, పల్లె పనులు, జాతరలు టెంపెరాలో చిత్రించారు. జానపద బొమ్మల గీతను, రంగును ఆధునిక చిత్రంలోకి తెచ్చారు. ఆంధ్ర ప్రాంతంలో దామెర్ల రామారావు (1897–1925) ప్రతిభను రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి, బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లే దారి చూపారు. అక్కడ చదివి వచ్చిన రామారావు రాజమండ్రిలోనే చిత్రకళా పాఠశాల నెలకొల్పారు. 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూసినా, గోదావరి తీరం మనుషులను, ప్రకృతిని చిత్రాల్లో నిలిపి వెళ్లారు.

అంటే జరుగుతున్నది ఇది. నాట్లు వేసే చేతులు, బోనం ఎత్తిన తల, సంతకు నడిచే కాళ్లు గ్యాలరీ గోడమీదికి చేరాయి. ఆ చేతుల కడుపున పుట్టిన పిల్లలు మాత్రం గేటు బయటే ఆగిపోతున్నారు. చూసేది కొనగలిగినవారు మాత్రమే అయితే, ఏది మంచి చిత్రమో నిర్ణయించేదీ వారే అవుతారు. పల్లెను ఎలా చూపిస్తే అమ్ముడవుతుందో అలాగే చూపించమని చిత్రకారుడిమీద ఒత్తిడి పెరుగుతుంది. "మా ఊళ్లో ఇలా ఉండదే" అనగలిగినవారు ఆ హాల్లో ఒక్కరైనా ఉండాలి. ఆ ఒక్కరు మీరు కావచ్చు.

8. చిత్రాన్ని చూసే పద్ధతి

మిగిలిన సందేహం అర్థమవడం గురించినది. దీనికి ఒక అనుభవం చెప్తాను.

ఒకసారి కాంటాక్ట్ తరగతి అభ్యాసకులను ఒక ప్రదర్శనకు తీసుకువెళ్లాను. వరినాట్లు వేస్తున్న స్త్రీల చిత్రం ముందు అందరూ మౌనంగా నిలబడ్డారు. వ్యవసాయ కూలీకి వెళ్తూ డిగ్రీ చదువుకుంటున్న ఒకామె కాసేపు చూసి అంది: "నాటేసిన పచ్చవరసలు వీళ్ల వెనకున్నాయి సార్. నాట్లేసేటప్పుడు మేం వెనక్కి నడుస్తాం. పచ్చ మా ముందుంటుంది, బురద వెనకుంటుంది." ఆ మాటతో అందరి చూపూ మారింది. మరి చిత్రకారుడు ఎందుకు తిప్పి వేశాడన్న ప్రశ్న వచ్చింది. ఒకరు అన్నారు, పచ్చ వెనక ఉండడం వల్లే ఎర్రచీరలు అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయని. మరొకరు, ముందున్న ఖాళీ బురద మనల్ని ఆ మడిలోకి దిగమన్నట్టు ఉందని. అరగంట చర్చ జరిగింది. కళాచరిత్ర పుస్తకాలు ఎక్కువ చదివినవారికి తోచని ప్రశ్న, నాట్లు వేసిన చేతికి తోచింది. ఆమె పట్టుకున్నది తప్పొప్పుల సంగతి కాదు. చిత్రకారుడు చేసిన ఒక ఎంపిక. చిత్రం అర్థమవడమంటే ఎంపికలను గుర్తించడం, వాటివల్ల ఏం జరుగుతోందో చూడడం.

దీనికి కింది పద్ధతి ఉపయోగపడుతుంది.

మొదటి చుట్టు: ఎక్కడా ఆగకుండా హాలంతా ఒకసారి నడవండి. చీటీలు చదవవద్దు.

రెండో చుట్టు: మూడు చిత్రాలు ఎంచుకోండి. ఒకటి నచ్చినది, ఒకటి నచ్చనిది, ఒకటి అంతుపట్టనిది.

మూడో చుట్టు: ఒక్కొక్కదాని ముందు పది నిమిషాలు గడపండి. మొదట దూరంగా నిలబడి మొత్తం అమరిక చూడండి. కన్ను ముందుగా ఎక్కడ పడుతోంది, అక్కడినుంచి ఎటు పోతోంది? తరవాత దగ్గరికి వెళ్లి కుంచె జాడలు, రంగు మందం చూడండి. కనిపించింది నోటుబుక్కులో రాయండి. "విషాదంగా ఉంది" అని రాసేముందు "ముఖంలో సగం నీడలో ఉంది, వెనక కిటికీ మూసి ఉంది" అని రాయండి. అన్నీ రాశాక చీటీ చదవండి.

మనుషులూ చెట్లూ ఏవీ లేని, ఉత్త రంగులూ ఆకారాలూ ఉన్న చిత్రం ఎదురైతే కంగారు పడవద్దు. వాకిట్లో ముగ్గు చూసి "ఇది ఏ వస్తువు బొమ్మ?" అని మనం అడగం. చుక్కలు సమంగా ఉన్నాయా, గీత ఎక్కడా తెగకుండా తిరిగిందా, వాకిలికి తగిన కొలతలో ఉందా అని చూస్తాం. నైరూప్య చిత్రాన్నీ ఆ కళ్లతోనే చూడండి. చూశాక కూడా నచ్చకపోతే నచ్చలేదని చెప్పే హక్కు మీకుంది. ఎందుకు నచ్చలేదో చెప్పే బాధ్యత కూడా ఉంది.

9. నగరానికి దూరంగా ఉన్నవారికి

గ్యాలరీ ఉన్న నగరం అందరికీ దగ్గరలో ఉండదు. రాజమండ్రి పరిసరాల వారికి దామెర్ల రామారావు పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీ ఉంది. అక్కడ ఆయన అసలు చిత్రాలు చూడవచ్చు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో కథలు చెప్పే పటాలు చిత్రించే నకాషీ కళాకారుల ఇళ్లున్నాయి. శ్రీకాళహస్తిలో, పెడనలో కలంకారీ పని జరుగుతోంది. అక్కడ ఇంటి వసారాయే ప్రదర్శనశాల. పైన చెప్పిన మూడు చుట్ల పద్ధతి అక్కడా పనికొస్తుంది.

ఉపాధి కోసం ఇతర నగరాల్లో ఉన్నవారు ముంబైలో జహంగీర్ గ్యాలరీ, చెన్నై దగ్గర కె.సి.ఎస్. పణిక్కర్ ఆధ్వర్యంలో 1966లో ఏర్పడిన చోళమండలం కళాకారుల గ్రామం చూడవచ్చు. బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏటా జరిపే చిత్రసంత ఒక వీధి జాతర. రోడ్డుకు రెండువైపులా చిత్రాలుంటాయి, తోపులాటలో నడుస్తూ చూడవచ్చు.

10. సారాంశం

మ్యూజియం భద్రపరుస్తుంది, గ్యాలరీ ప్రదర్శించి అమ్ముతుంది. గ్యాలరీలో ప్రవేశం సాధారణంగా ఉచితం, కొనవలసిన పని లేదు. ప్రారంభోత్సవం మనుషులను కలవడానికి, మామూలు రోజు చిత్రాలను చూడడానికి అనువైనవి. చీటీలోని వివరాలు, అచ్చుచిత్రంమీది అంకెలు, ఎర్ర చుక్క తెలిస్తే హాల్లో బెరుకు ఉండదు. చిత్రం చూడడానికి మీ అనుభవమే మొదటి పరికరం. మన చిత్రకారులు మన బతుకులను చిత్రించారు కాబట్టి వాటిమీద అభిప్రాయం చెప్పవలసినవారిలో మీరు ముందు వరసలో ఉన్నారు. ఈ సెమిస్టరు ముగిసేలోగా ఒక్క ప్రదర్శనకైనా వెళ్లిరండి. తోడుగా ఇంట్లో అమ్మనో నాన్ననో తీసుకువెళ్లండి. వారు ఏమంటారో రాసుకోండి.

11. పారిభాషిక పదాలు

అచ్చుచిత్రం: పలకమీద తయారుచేసి, పరిమిత సంఖ్యలో కాగితంమీదికి తీసిన అసలు చిత్రం.
క్యూరేటర్: ప్రదర్శనకు చిత్రాలను ఎంపికచేసి అమర్చే వ్యక్తి.
నైరూప్య చిత్రం: గుర్తించదగిన వస్తువుల రూపం లేకుండా రంగు, గీత, ఆకారాలతో వేసిన చిత్రం.
మాధ్యమం: చిత్రరచనకు వాడిన పదార్థం, ఆధారం.
ఏకవ్యక్తి ప్రదర్శన: ఒకే కళాకారుడి చిత్రాలతో ఏర్పాటుచేసిన ప్రదర్శన.

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఆర్ట్ గ్యాలరీ పనితీరును, చిత్రాల అమ్మకం పద్ధతిని వివరించండి.
2. తెలంగాణ పల్లె జీవితం ఆధునిక చిత్రకళలో ఎలా ప్రతిఫలించిందో ఇద్దరు చిత్రకారుల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఎచింగ్ తయారయ్యే క్రమాన్ని తెలపండి.
2. ప్రారంభోత్సవానికి, మామూలు రోజు సందర్శనకు ఉన్న ప్రయోజనాలను పోల్చండి.

III. క్షేత్ర అభ్యాసం
మీరు చూసిన ఒక ప్రదర్శనపై రెండు పేజీల నివేదిక రాసి, అధ్యయన కేంద్రంలో మీ కౌన్సిలర్‌కు అందజేయండి. అందులో ఒక చిత్రంలో చిత్రకారుడు చేసిన ఒక ఎంపికను గుర్తించి, మీ జీవితానుభవంతో దాన్ని పరిశీలించండి.